సుగ్గికి పోయే ముందు రాత్రి

రాయి ఉరుకుందమ్మా, బల్బు కిందికి జరిగి రాయి.
హెడ్ సారిచ్చిన కాగితం మడత పడకుండా
ఆ డబ్బా మూత కింద పెట్టుకో.
బడిలో ఏమేం మారల్లో రాసియ్యమన్యాడు గద,
పొద్దున లారీ వచ్చేలోపల ఇయ్యల్ల.

మొదాట ఇది రాయి:
ఎండాకాలం సెలవులు మాకొద్దు.
ఎండాకాలం మేం ఊర్లోనే ఉంటాం,
బోరింగు కాడ బిందెలు వరసలో పెట్టి
నీడ యా గోడకు పోతే ఆ గోడకు పోతా.
దీపావళి దాటినంక ఊరంతా తాళాలేసి
గుంటూరు దిక్కు మిరప కోతకు పోతాది,
సెలవులు అప్పుడియ్యండి.

ఆగు. కొట్టెయ్ అది.
అప్పుడు సెలవిస్తే నిన్నూ తోలుకపోవల్సిందే,
మీ నాయన ఊకుంటాడా?
ఇట్ల రాయి: పిల్లోళ్ళ హాస్టలు
దీపావళికే తెరవల్ల.
జనవరిలో తెరిస్తే దాంట్లో పండుకునేది పిల్లులే.

ఏం రాసినావో చదువు.
"మా గ్రామ ప్రజలు వలస వెళ్ళుచున్నారు కావున..."
ఎవరే ఆ గ్రామ ప్రజలు?
నేను సుగ్గి అన్యా. సుగ్గి అనే రాయి.
సారుకు తెలీకపోతే అడుగుతాడులే.
ఆయన మాటలు నువ్వు ఎనిమిదేండ్లు నేర్చుకుంటివి,
మన మాటొకటి ఆయన్ని నేర్చుకోనీ.

దస్తగిరి సంగతి రాయి.
పోయినేడు వాడు నా పక్క సాల్లోనే కాయ తెంపుతాన్యాడు,
కారం చేత్తో కండ్లు నలుపుకోని ఏడిస్తే
నా కొంగు తడిపి తుడిచినా.
బడి పుస్తకంలో మాత్రం అన్నిదినాలూ వచ్చినాడంట!
ఒకేసారి రెండు చోట్ల ఉండేకి
వాడేమన్నా దేవుడా?
లేనోన్ని లేడనే రాయమను.
లేడని రాస్తేనే గద
ఎవరన్నా ఎతుక్కుంటా వస్తారు.

బడి గోడలకు రంగులేసినారు, చిలకలు బాగుండాయి.
అది గూడా రాయి, అన్నీ తప్పులే చెప్తే ఎట్ల.
ఆడపిల్లోళ్ళ దొడ్డికి గొళ్ళెం లేదు.
నువ్వు పోతే మల్లీశ్వరి తలుపు పట్టుకోవల్ల,
మల్లీశ్వరి పోతే నువ్వు.
అది రాని దినం నువ్వు నీళ్ళే తాగవు,
నాకు తెలీదనుకున్యావా?
గొళ్ళెం మేమే కోసిగి నుంచి తెస్తాం,
బిగించేకి ఎవరు సంతకం పెట్టల్లో చెప్పమను.

లెక్కల సారు పోయి రెండేండ్లాయె.
నవ్వొద్దు, మన ఇంటికి కావల్సింది ఆ సారే.
మేస్త్రీ కాటా కాడ నిలబడి
"ముప్పై ఒకటి, తరుగు పోనూ ఇరవై ఏడు" అంటాడు.
నాలుగు కేజీల తరుగు ఎట్లొచ్చె
అని అడిగేకి నాకు నోరుంది,
లెక్క లేదు.
అది ఉన్నదున్నట్టు రాయి, మేస్త్రీ పేరు మాత్రం వద్దు.

అయిపాయె. ఇంక చాలు.
అయ్యో, గుడ్డు మరిచినా!
శనివారం గుడ్డు... పోనీలే, చోటు లేదంటివి గద.

ఏమే, నేను చెప్పేది అయిపోయి ఎంతసేపాయె,
కింద ఇంకా ఏం రాస్తాండావు?
చేయి అడ్డం పెట్టుకుంటావేం?
సర్లే, చదవొద్దు.
బడి నీది.
నా ఏలిముద్రకు మాత్రం ఇంత జాగా వదులు.

మూటలో రెండు రగ్గులు సర్దినా.
మూడోది ఇంకా దండెం మీదనే ఉంది.
అది మూటలోకో, మీ అవ్వ ఇంటికో
ఇప్పుడడగొద్దు.
పొద్దున సారు కాగితం చదివేటప్పుడు
ఆయన మొగం చూసి చెప్తా.